రాష్ట్రపతి పదవి మధ్యలో ఖాళీ అయితే, కొత్తగా ఎన్నికైనవారికి మిగిలిన కాలమా, పూర్తి ఐదేళ్లా?

ప్రశ్న: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతిలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మొన్న తొమ్మిదో తరగతిలో రాష్ట్రపతి గురించిన పాఠం జరుగుతుండగా ఒక అమ్మాయి లేచి, "రాష్ట్రపతి పదవిలో ఉండగానే చనిపోతే, తర్వాత వచ్చేవారు ఎన్నేళ్లు ఉంటారు మేడమ్?" అని అడిగింది. మిగిలిన కాలం మాత్రమే ఉంటారని నేను వెంటనే చెప్పాను. అలా చెప్పడానికి నా మనసులో ఉన్న ఆధారం మన ఊరిదే. 2021 ఏప్రిల్‌లో తిరుపతి లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. అందులో గెలిచినవారికి 2024లో ఆ లోక్‌సభ ముగిసేవరకే సభ్యత్వం ఉంది కానీ, గెలిచిన రోజు నుంచి కొత్తగా ఐదేళ్లు లెక్కపెట్టలేదు. రాష్ట్రపతి విషయంలోనూ అదే పద్ధతి అనుకున్నాను.

మరునాడు ఆ అమ్మాయి, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న తన అన్నను అడిగి వచ్చి, అలా కాదని, పూర్తి ఐదేళ్లు ఉంటారని చెప్పింది. నేను చెప్పినది తప్పయితే తరగతి మొత్తం ముందు దానిని సరిదిద్దడం నా బాధ్యత. అయితే "పూర్తి ఐదేళ్లు" అని ఒక మాట చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. లోక్‌సభ సభ్యుడికి ఒక లెక్క, రాష్ట్రపతికి ఇంకొక లెక్క ఎందుకు ఉందో పిల్లలకు వివరించాలి. అంతకు ముందు అది నాకు అర్థం కావాలి.

అర్హతల విషయంలో కూడా కొన్ని సందేహాలు ఉన్నాయి. మా దగ్గర ఉన్న ఒక గైడులో, రాష్ట్రపతి కావాలంటే "లోక్‌సభ సభ్యుడై ఉండాలి" అని అచ్చు వేశారు. అబ్దుల్ కలాం గారు లోక్‌సభలో ఎన్నడూ సభ్యులు కారు కదా, మరి ఆ వాక్యం ఎలా సరిపోతుంది? రాష్ట్రపతి భారతదేశంలోనే పుట్టి ఉండాలన్న నియమం ఉందా? ఒకరు ఎన్నిసార్లు ఆ పదవి చేపట్టవచ్చు? ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు పోటీ చేయవచ్చా? ఈ చివరి ప్రశ్నను ఒక విద్యార్థి తండ్రి అడిగారు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశ్రాంత రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు

అమ్మా, మీ విద్యార్థిని అన్న చెప్పినదే సరైనది. రాజ్యాంగం 62వ అధికరణ రెండో భాగంలో ఈ మాట స్పష్టంగా ఉంది. మరణం, రాజీనామా, తొలగింపు లేదా మరే కారణం వల్లనైనా పదవి ఖాళీ అయితే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు నెలలు దాటకుండా ఎన్నిక జరపాలని, అలా ఎన్నికైన వ్యక్తి పదవి చేపట్టిన తేదీ నుంచి పూర్తి ఐదేళ్లు ఉండవచ్చని అది చెబుతుంది.

అయితే మీరు అడిగినది కారణం. నేను ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. విద్యార్థులకు కారణం చెప్పడానికి తేదీలను మించిన సాధనం నాకు దొరకలేదు. మన రాష్ట్రపతులందరూ జులై 25నే ఎందుకు ప్రమాణ స్వీకారం చేస్తున్నారో మీ పిల్లలను ఒకసారి అడిగి చూడండి. ద్రౌపది ముర్ము గారు 2022లో, కోవింద్ గారు 2017లో, ప్రణబ్ ముఖర్జీ గారు 2012లో, కలాం గారు 2002లో జులై 25వ తేదీనే పదవి చేపట్టారు. రాజ్యాంగంలో మాత్రం ఆ తేదీ ఎక్కడా లేదు. గణతంత్రం ఆరంభమైన తొలి ఏళ్లలో రాష్ట్రపతి మారే తేదీ మే 13. రాజేంద్రప్రసాద్ గారు 1952లో ఎన్నికై మే 13న ప్రమాణం చేశారు. 1962 మే 13న రాధాకృష్ణన్ గారు, 1967 మే 13న జాకీర్ హుస్సేన్ గారు వచ్చారు. మే 13 నుంచి జులై 25కు తేదీ జరగడానికి కారణం, పదవిలో ఉండగానే సంభవించిన రెండు మరణాలు.

జాకీర్ హుస్సేన్ గారు 1969 మే 3న మరణించారు. ఆ ఏడాది జరిగిన ఎన్నికలో వి.వి. గిరి గారు గెలిచి ఆగస్టు 24న పదవి చేపట్టారు. మీరు అనుకున్నట్టు మిగిలిన కాలమే లెక్క అయితే ఆయన 1972 మేలో దిగిపోవాలి. కానీ ఆయన 1974 ఆగస్టు 24 వరకు, అంటే పూర్తిగా ఐదేళ్లు ఉన్నారు. ఆ రోజున వచ్చిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు 1977 ఫిబ్రవరి 11న మరణించారు. ఉపరాష్ట్రపతి బి.డి. జత్తి గారు తాత్కాలికంగా బాధ్యతలు చూశారు. ఆ ఏడాది మార్చిలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత మన అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతిగా ఎన్నికై జులై 25న ప్రమాణం చేశారు. ఆరు నెలల గడువు ఆగస్టు 11తో ముగుస్తుంది కాబట్టి, ఎన్నిక గడువుకు రెండు వారాల ముందే పూర్తయిందన్నమాట. మిగిలిన కాలమే అయితే సంజీవరెడ్డి గారు 1979 ఆగస్టులో వైదొలగాలి; ఆయన 1982 జులై 25 వరకు పదవిలో ఉన్నారు. ఆ తర్వాత ఏ రాష్ట్రపతీ మధ్యలో వైదొలగలేదు, ఎవరూ పదవిలో మరణించలేదు. అందువల్ల సంజీవరెడ్డి గారితో మొదలైన జులై 25 ఇప్పటికీ అలాగే నిలిచింది. ఈ తేదీల పట్టికను నల్లబల్ల మీద వేస్తే మీ ప్రశ్నకు జవాబు పిల్లలే చెప్పగలరు.

ఇక లోక్‌సభ సభ్యుడికీ రాష్ట్రపతికీ తేడా ఎక్కడుందంటే, లోక్‌సభకు సభగా ఒక ఆయుష్షు ఉంది. మొదటి సమావేశం జరిగిన తేదీ నుంచి ఐదేళ్లు అని 83వ అధికరణ చెబుతుంది. సభ్యుడి కాలం సభ కాలంలో ఒక భాగం. సభ రద్దయితే నిన్న ఉప ఎన్నికలో గెలిచినవాడి సభ్యత్వం కూడా దానితోపాటే పోతుంది. రాష్ట్రపతి అలా ఏ సభలోనూ భాగంగా ఎన్నిక కారు. 56వ అధికరణ ఐదేళ్లను ఆ వ్యక్తి "పదవి చేపట్టిన తేదీ నుంచి" లెక్కించమంటుంది. కాలం వ్యక్తితో మొదలవుతుంది, ముందున్నవారు వదిలిన చోట మొదలుకాదు. ఉపరాష్ట్రపతికి కూడా ఇదే న్యాయం వర్తిస్తుందని 68వ అధికరణలో ఉంది. 2025 జులైలో జగదీప్ ధన్‌ఖడ్ గారు రాజీనామా చేశాక సెప్టెంబరులో ఎన్నికైన సి.పి. రాధాకృష్ణన్ గారికి లభించినది కూడా పూర్తి ఐదేళ్ల పదవీకాలమే. మీ పిల్లలు వార్తల్లో చూసిన సంగతి కాబట్టి ఈ ఉదాహరణ వారికి బాగా గుర్తుంటుంది.

ఎన్నిసార్లు అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. 57వ అధికరణ తిరిగి ఎన్నిక కావడానికి అవకాశం ఇచ్చింది, సంఖ్యకు పరిమితి పెట్టలేదు. అమెరికాలో 1951లో అమల్లోకి వచ్చిన 22వ సవరణ ప్రకారం ఎవరూ రెండుసార్ల కంటే ఎక్కువ అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదు. మన దగ్గర అటువంటి నిషేధం లేదు. అయినా రాజేంద్రప్రసాద్ గారు తప్ప మరెవరూ రెండోసారి ఎన్నిక కాలేదు. ఆయనను 1950 జనవరిలో రాజ్యాంగ సభ ఎన్నుకున్నది. సాధారణ పద్ధతిలో ఎన్నికైనది 1952లోనూ 1957లోనూ. అందుచేత "రెండుసార్లు" అన్నవారూ, "మూడుసార్లు" అన్నవారూ దేనిని లెక్కలోకి తీసుకున్నారో చెప్పవలసి ఉంటుంది.

సమాధానం: న్యాయవాది, చిత్తూరు

అధ్యాపకులు పదవీకాలం గురించి చెప్పినదానికి నేను చేర్చవలసినది ఏమీ లేదు. అర్హతల గురించి రాస్తాను మేడమ్, ఎందుకంటే మీ గైడులోని ఆ వాక్యం చాలామందిని తప్పుదారి పట్టిస్తున్నది.

58వ అధికరణ మూడు అర్హతలను చెబుతుంది. భారత పౌరుడై ఉండాలి, ముప్పై అయిదేళ్లు నిండి ఉండాలి, లోక్‌సభ సభ్యుడిగా ఎన్నిక కావడానికి అర్హత కలిగి ఉండాలి. మూడోదానిలో "ఎన్నిక కావడానికి అర్హత" అన్న మాటలు జారిపోవడం వల్లనే "సభ్యుడై ఉండాలి" అనే తప్పు అచ్చులోకి వచ్చింది. అసలు అర్థం ఏమిటంటే, ఆ వ్యక్తి కావాలనుకుంటే లోక్‌సభకు పోటీ చేయగలిగిన స్థితిలో ఉండాలి. లోక్‌సభకు పోటీ చేయాలంటే దేశంలో ఏదో ఒక పార్లమెంటరీ నియోజకవర్గంలో ఓటరుగా నమోదై ఉండాలి కాబట్టి, రాష్ట్రపతి పదవికి నామినేషన్ వేసేవారు తమ పేరున్న ఓటరు జాబితా భాగానికి ధ్రువీకరించిన నకలును జతచేయాలి. కలాం గారు ఓటరు, పౌరుడు, వయసు నిండినవారు. ఆయనకు అంతకంటే మరేమీ అవసరం లేకపోయింది.

నిజానికి లోక్‌సభ సభ్యుడిగా ఉండటం రాష్ట్రపతి పదవితో పొసగదు. ఎంపీ గానీ ఎమ్మెల్యే గానీ రాష్ట్రపతిగా ఎన్నికైతే, పదవి చేపట్టిన తేదీన చట్టసభలో వారి స్థానం ఖాళీ అయినట్టే భావించాలని 59వ అధికరణ చెబుతుంది. సంజీవరెడ్డి గారు 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైన వ్యక్తి. కాబట్టి సభ్యత్వం అర్హత కాదు, అనర్హత కూడా కాదు. రెండూ కలిసి కొనసాగవు, అంతే.

పుట్టుక గురించి అడిగారు. అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడు జన్మతః అమెరికా పౌరుడై ఉండాలని, పద్నాలుగేళ్లు అక్కడ నివసించి ఉండాలని కోరుతుంది. మన రాజ్యాంగం పౌరసత్వాన్ని మాత్రమే అడుగుతుంది. అది పుట్టుకతో వచ్చిందా, తర్వాత నమోదు ద్వారా వచ్చిందా అని అడగదు. వయసు నియమం రెండు దేశాల్లోనూ ముప్పై అయిదే. అయితే మన దగ్గర ఆచరణలో ఆ వయసు దరిదాపుల్లో ఎవరూ రాష్ట్రపతి కాలేదు. 1913 మే 19న పుట్టిన సంజీవరెడ్డి గారు అరవై నాలుగేళ్లు దాటాక పదవి చేపట్టి, చాలాకాలం అతి పిన్న వయస్కుడైన రాష్ట్రపతిగా నిలిచారు. 1958 జూన్ 20న పుట్టిన ముర్ము గారు కూడా అరవై నాలుగో ఏడు నిండాకే వచ్చారు. కానీ ఇద్దరి వయసులను రోజులతో లెక్కిస్తే ఆమె నెల రోజులు చిన్న. వయసు ఏ తేదీకి నిండాలి అన్న ప్రశ్న కూడా మీ తరగతిలో రావచ్చు. నామినేషన్ల పరిశీలనకు నిర్ణయించిన తేదీ నాటికి అభ్యర్థి అర్హుడేనా అని రిటర్నింగ్ అధికారి చూస్తారు.

ఇక విద్యార్థి తండ్రి అడిగిన ప్రశ్న, ఈ అంశం మొత్తంలో వివాదాలకు ఎక్కువ తావిచ్చినది. కేంద్ర ప్రభుత్వం కింద గానీ, రాష్ట్ర ప్రభుత్వం కింద గానీ, ఆ ప్రభుత్వాల అదుపులో ఉన్న స్థానిక సంస్థ లేదా ఇతర అధికార సంస్థ కింద గానీ లాభదాయక పదవిలో ఉన్నవారు రాష్ట్రపతి ఎన్నికకు అర్హులు కారు. ప్రభుత్వ ఉపాధ్యాయుడైనా, కలెక్టరేటులో గుమాస్తా అయినా, నగరపాలక సంస్థ ఇంజనీరైనా, ముందు ఉద్యోగం వదులుకుంటే తప్ప పోటీ చేయలేరు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్, కేంద్రంలో లేదా రాష్ట్రంలో మంత్రి, ఈ పదవులను మాత్రం ఈ సందర్భంలో లాభదాయక పదవులుగా భావించరాదని అదే అధికరణలో వివరణ ఇచ్చారు. ఆ వివరణ లేకపోతే పదవిలో ఉన్న రాష్ట్రపతి తిరిగి పోటీ చేయడానికే వీలుండదు, 57వ అధికరణకు అర్థం ఉండదు.

2012లో ఈ నియమం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రణబ్ ముఖర్జీ గారు భారతీయ గణాంక సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారని, అది లాభదాయక పదవి అని ప్రత్యర్థి పి.ఎ. సంగ్మా గారు అభ్యంతరం చెప్పారు. రిటర్నింగ్ అధికారి దానిని అంగీకరించలేదు. ఎన్నిక తర్వాత సంగ్మా గారు వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కూడా కొట్టివేసింది. రాష్ట్రపతి ఎన్నిక వివాదాలను 71వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు మాత్రమే విచారిస్తుంది, హైకోర్టుకు ఆ అధికారం లేదు. ఆ పిటిషన్ కూడా ఎవరు పడితే వారు వేయడానికి లేదు; అభ్యర్థి అయినా వేయాలి, లేదా ఇరవై మందికి తక్కువ కాకుండా ఓటర్లు, అంటే ఎంపీలు, ఎమ్మెల్యేలు కలిసి వేయాలి.

అర్హతలు ఇంత తక్కువగా ఉంటే ఎంతమందైనా పోటీ చేస్తారు కదా అని పిల్లలు అడుగుతారు. మొదట్లో అలాగే జరిగింది. 1967 ఎన్నికలో 17 మంది అభ్యర్థులు ఉన్నారు. ఆ తర్వాత 1974లో చట్టాన్ని సవరించి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు ఉండాలన్నారు. 1997లో ఆ సంఖ్యను యాభై, యాభైకి పెంచి, ధరావతు సొమ్మును 15,000 రూపాయలు చేశారు. పాత చిత్తూరు జిల్లాలోని 14 మంది ఎమ్మెల్యేలూ పార్టీ భేదం మరచి ఒకే వ్యక్తి నామినేషన్ మీద సంతకం చేసినా, ప్రతిపాదకుల సంఖ్యలోనే ఇంకా 36 మంది తక్కువవుతారు. 1997 నుంచి 2022 వరకు జరిగిన ఆరు ఎన్నికల్లోనూ చివరికి పోటీలో మిగిలినది ఇద్దరేసి అభ్యర్థులు కావడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. రాజ్యాంగం వేసిన గుమ్మం అందరికీ తెరిచే ఉంది. చట్టం మాత్రం గుమ్మం ముందు వందమంది సంతకాలను అడుగుతుంది. ఈ తేడాను పిల్లలకు తప్పక చెప్పండి, ఎందుకంటే పాఠ్యపుస్తకాలు ఎక్కువగా మొదటిదానితోనే ఆగిపోతాయి.

సమాధానం: గ్రూప్-1 అభ్యర్థి, తిరుపతి

మేడమ్, నేను వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుకుని ఇప్పుడు పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నాను. సార్లిద్దరూ చెప్పిన వాటిలో లేని ఒక అంశం గురించి రాస్తాను.

రాష్ట్రపతిని ఎన్నుకునేవారూ, తొలగించేవారూ ఒకరే కాదు. ఎన్నికలో పార్లమెంటు ఉభయ సభల్లోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభల్లోని ఎన్నికైన సభ్యులు ఓటు వేస్తారు. ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభ్యులకు కూడా 70వ సవరణతో ఆ హక్కు వచ్చింది. నామినేటెడ్ ఎంపీలకు ఓటు లేదు. కానీ రాజ్యాంగాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణపై 61వ అధికరణ కింద మహాభియోగ తీర్మానం వస్తే, అందులో నామినేటెడ్ ఎంపీలు పాల్గొంటారు, మన ఎమ్మెల్యేలకు మాత్రం ఏ పాత్రా ఉండదు. తీర్మానం ఏ సభలోనైనా మొదలు కావచ్చు. ఆ సభ మొత్తం సభ్యుల్లో నాలుగో వంతుకు తగ్గకుండా సంతకాలు చేసి పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి. తర్వాత రెండో సభ ఆరోపణను విచారిస్తుంది. ఆ విచారణలో రాష్ట్రపతి స్వయంగా గానీ, ప్రతినిధి ద్వారా గానీ తన వాదన వినిపించవచ్చు. అక్కడ కూడా అదే ఆధిక్యంతో తీర్మానం నెగ్గితే, ఆ క్షణం నుంచి పదవి పోతుంది. హాజరైనవారిలో రెండు వంతులు కాదు, మొత్తం సభ్యుల్లో రెండు వంతులు అన్న మాటను నేను మొదటిసారి చదివినప్పుడు గమనించలేదు, ఒక మాదిరి పరీక్షలో తప్పు రాశాను. ఇంతవరకు ఏ రాష్ట్రపతి మీదా ఇది ప్రయోగించలేదు.

రాష్ట్రపతి ఎన్నికలో రాష్ట్ర జనాభాను బట్టి లెక్కించే మన ఎమ్మెల్యే ఓటు విలువ ఎలా వస్తుందో లెక్క చేయించండి మేడమ్, గణితం ఇష్టమైన పిల్లలు ముందుకు వస్తారు. 1971 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభాను 175తో భాగించి, వచ్చినదానిని వెయ్యితో భాగిస్తే 159 వస్తుంది. రాష్ట్రం విడిపోకముందు 294 మంది ఉన్నప్పుడు అది 148. ఇప్పుడు తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. పాత చిత్తూరు జిల్లా 14 మందివి కలిపితే 2,226 అవుతుంది, రాష్ట్రం మొత్తానికి 27,825. 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల అంకెలు ప్రచురితమయ్యేవరకు 1971 అంకెలనే వాడాలి.

ఇంకొక మాట. ఉపరాష్ట్రపతి ఏ పరిస్థితిలోనైనా గరిష్ఠంగా ఆరు నెలలే రాష్ట్రపతిగా వ్యవహరించగలరని నేను నోట్సులో రాసుకున్నాను. అది సరైనదేనా సార్?

సమాధానం: పాఠకుడు, శ్రీకాళహస్తి

రాజీనామా గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి, మన ప్రాంతానికి సంబంధించిన ఒక విషయం చెబుతాను. రాష్ట్రపతి తన రాజీనామాను ఉపరాష్ట్రపతికి రాయాలని, ఉపరాష్ట్రపతి దానిని వెంటనే లోక్‌సభ స్పీకరుకు తెలియజేయాలని 56వ అధికరణలో ఉంది. 1956 నుంచి 1962 వరకు రాజేంద్రప్రసాద్ గారు రాష్ట్రపతి, రాధాకృష్ణన్ గారు ఉపరాష్ట్రపతి, ఎం. అనంతశయనం అయ్యంగారు గారు స్పీకరు. రాధాకృష్ణన్ గారు పుట్టిన తిరుత్తణి 1960లో సరిహద్దుల మార్పు జరిగేదాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆయన చిన్నతనంలో కొంతకాలం తిరుపతి మిషన్ పాఠశాలలో చదువుకున్నారు. అయ్యంగారు గారిది మన తిరుచానూరు. ఆ ఆరేళ్లలో రాష్ట్రపతి రాజీనామా చేయవలసి వచ్చి ఉంటే, ఆ లేఖను అందుకునేవారూ, ఆ సంగతి తెలుసుకునేవారూ ఇద్దరూ ఈ నేలతో సంబంధం ఉన్నవారే అయ్యేవారు. తిరుపతి పిల్లలకు 56వ అధికరణ గుర్తుండాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదని నేను అనుకుంటున్నాను మేడమ్.

ప్రశ్నించినవారు: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, తిరుపతి

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ రోజు తరగతిలో నేను ముందు చెప్పినది తప్పని పిల్లలకు చెప్పి, మాస్టారు ఇచ్చిన తేదీలను బల్ల మీద వేశాను. సంజీవరెడ్డి గారు 1979లో వెళ్లలేదని చూడగానే పిల్లలే "కొత్తగా ఐదేళ్లు" అన్నారు. తిరుచానూరు నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు స్పీకరు గారి పేరును తమ పుస్తకంలో ప్రత్యేకంగా రాసుకున్నారు.

వారు మరో రెండు ప్రశ్నలు అడిగారు. ఐదేళ్లు పూర్తయ్యే రోజుకు కొత్త రాష్ట్రపతి ఎన్నిక పూర్తికాకపోతే ఉపరాష్ట్రపతి వస్తారా? ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే ఎవరు చూస్తారు?

సమాధానం: విశ్రాంత రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు

మొదటి ప్రశ్నకు జవాబు, రారు. కాలం ముగిసినా, తన తర్వాతివారు పదవి చేపట్టేవరకు పాత రాష్ట్రపతే కొనసాగుతారని 56వ అధికరణలో ఉంది. అందువల్ల ఆ సందర్భంలో పదవి ఖాళీ కాదు, ఉపరాష్ట్రపతి అవసరం రాదు. అయితే ఈ ఏర్పాటును సాకుగా తీసుకుని ఎన్నికను వాయిదా వేయడానికి వీలు లేదు. కాలం ముగియకముందే ఎన్నిక పూర్తి కావాలని 62వ అధికరణ మొదటి భాగం ఆదేశిస్తుంది. 1974లో గుజరాత్ శాసనసభ రద్దయి ఉన్నప్పుడు, ఆ రాష్ట్ర ఎమ్మెల్యేలు లేకుండా ఎన్నిక జరపవచ్చా అని రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరారు. ఒక శాసనసభ లేదన్న కారణంతో ఎన్నిక ఆపరాదని, కాలం ముగియకముందే జరపాలని కోర్టు చెప్పింది. 2022లో జమ్మూ కశ్మీరులో శాసనసభ లేకుండానే ఎన్నిక జరిగింది కూడా ఈ సూత్రం మీదే.

గ్రూప్-1కు చదువుతున్న అబ్బాయి నోట్సులో చిన్న సవరణ అవసరం. ఆరు నెలల గడువు పదవి ఖాళీ అయినప్పుడు ఎన్నిక జరపడానికి ఇచ్చినది. పదవి ఖాళీ కాకుండా, అనారోగ్యం వల్లనో, దేశంలో లేకపోవడం వల్లనో రాష్ట్రపతి విధులు నిర్వహించలేకపోతే, ఆయన తిరిగి వచ్చేవరకు ఉపరాష్ట్రపతి ఆ విధులు చూస్తారు. దానికి 65వ అధికరణలో గడువు లేదు. ఈ రెంటినీ వేర్వేరు పేజీల్లో రాసుకో నాయనా, అప్పుడు కలిసిపోవు. ఉపరాష్ట్రపతి అలా రాష్ట్రపతి స్థానంలో ఉన్నంతకాలం రాజ్యసభ అధ్యక్ష బాధ్యతలు నిర్వహించరన్నది కూడా పక్కన రాసుకో.

ఉపరాష్ట్రపతి కూడా లేని స్థితి ఒకసారే వచ్చింది. 1969లో జాకీర్ హుస్సేన్ గారి మరణం తర్వాత ఉపరాష్ట్రపతి గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఎన్నికలో పోటీ చేయడానికి ఆయన జులై 20న రాజీనామా చేశారు. ఇటువంటి పరిస్థితికి ఏర్పాటు చేసే అధికారాన్ని 70వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. ఆ ఏడాదే చేసిన చట్టం ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ విధులు చూడాలి. అలా జస్టిస్ హిదయతుల్లా గారు జులై 20 నుంచి ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి స్థానంలో ఉన్నారు. ప్రధాన న్యాయమూర్తి కూడా లేకపోతే సుప్రీంకోర్టులో అప్పటికి అందుబాటులో ఉన్న అత్యంత సీనియర్ న్యాయమూర్తి ఆ బాధ్యత తీసుకుంటారు. హిదయతుల్లా గారే తర్వాత ఉపరాష్ట్రపతి అయ్యారు. 1982 అక్టోబరులో జైల్ సింగ్ గారు గుండె శస్త్రచికిత్సకు అమెరికా వెళ్లినప్పుడు ఆయన మళ్లీ ఆ విధులు చూశారు. మొదటిసారి పదవి ఖాళీగా ఉండగా, 1969 చట్టం కింద. రెండోసారి రాష్ట్రపతి దేశంలో లేనప్పుడు, 65వ అధికరణ కింద. ఒకే వ్యక్తి జీవితంలో ఈ రెండు నియమాలూ కనిపిస్తాయి కాబట్టి, అమ్మా, రేపటి తరగతికి ఆయన పేరుతోనే మొదలుపెట్టండి.